మేకు కొట్టకుండా పిల్లల బొమ్మలు గోడకెక్కించడం ఎలా?

జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి మార్చి పరీక్షల దాకా మా ఇంట్లో పోగయ్యే కాగితాలు చూస్తే, మేం ఏదో చిన్న ప్రింటింగ్ ప్రెస్సు నడుపుతున్నామేమో అనుకుంటారు. ఆగస్టు పదిహేనుకి మూడు రంగుల జెండా, వినాయక చవితికి బంకమట్టి, దసరాకి పులి మాస్కు, సంక్రాంతికి చార్టు మీద గాలిపటాలు. మధ్యలో తోచక గీసినవాటికి లెక్కే లేదు. పెద్దోడు మూడో తరగతి, చిన్నది యూకేజీ. ఉండేది విజయవాడ సత్యనారాయణపురంలో రెండు బెడ్‌రూముల అద్దె ఇల్లు. హాల్లో ఒక గోడ టీవీది, ఒకటి దేవుడి పటాలది, ఒకటి కిటికీలది. నాలుగో గోడ మీద మేకు కొట్టొద్దని ఓనరుగారు తాళాలిచ్చిన రోజే చెప్పారు.

ఈ ఇంట్లో నాలుగేళ్లుగా చేసి, చెడగొట్టి, మళ్లీ చేసి కుదుర్చుకున్న పద్ధతి ఇది. గుంటూరు బ్రాడీపేటలో మా చెల్లెలికి సొంతిల్లే, మేకులు ఎన్నయినా కొట్టుకోవచ్చు. అయినా ఆమె కూడా చివరికి తాడూ క్లిప్పుల దగ్గరికే వచ్చింది. ఎందుకంటే మేకుకి తగిలించిన బొమ్మని మళ్లీ ఎవరూ మార్చరు.

ముందు ఒక అట్టపెట్టె, ఒక పెన్సిల్

మొదటి రోజే గోడ జోలికి వెళ్లకండి. మిక్సీ వచ్చిన అట్టపెట్టెలాంటిది ఒకటి చూసి, బడి నుంచి వచ్చిన ప్రతి కాగితం అందులో వేయండి. వేసే ముందు వెనక పెన్సిల్‌తో తేదీ, పిల్లల పేరు రాయండి. స్కెచ్ పెన్నుతో రాస్తే ముందు వైపుకి దిగుతుంది. ఎప్పటిదో గుర్తుంటుందిలే అనుకుంటాం, ఆర్నెల్లకే ఏది ఎవరు గీశారో తెలియక కొట్లాట మొదలవుతుంది. మా ఇంట్లో ఒక నెమలి మీద ఆ తగాదా ఇప్పటికీ తేలలేదు.

నెలకోసారి, ఆదివారం పూట, పెట్టె నేల మీద బోర్లించి పిల్లల్ని కూర్చోబెట్టండి. ఒక్కొక్కరికి మూడు బొమ్మలు, అంతే. ఏవి గోడకెక్కాలో వాళ్లనే తీయమనండి. వాళ్లు పడుకున్నాక మనమే ఏరి పెడితే పని పావుగంటలో అయిపోతుంది, నిజమే. నేనూ మొదట్లో అదే చేసేదాన్ని. గీతలు కుదిరినవి, రంగు బయటికి పోనివి, చుట్టాలొస్తే చూపించుకోదగ్గవి తీసి పెట్టేదాన్ని. అవి వాళ్లు ఒక్కరోజు కూడా తలెత్తి చూసేవాళ్లు కాదు.

పోయిన వేసవిలో చిన్నది పెట్టెలోంచి ఒక కాగితం తీసింది. మూల నుంచి మూల దాకా నల్ల క్రేయాను. ఎంత గట్టిగా రుద్దిందంటే కాగితం వంకర్లు పోయింది, రెండు చోట్ల చిరిగింది. నేనైతే అట్లకాడ తుడవడానికి వాడేద్దును. "ఇదేంటమ్మా" అన్నాను. "కరెంటు పోయింది" అంది, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూసి. దగ్గరగా చూస్తే కింద మూల గోరుతో గీకిన రెండు చుక్కలున్నాయి. తాతయ్య కళ్లజోడట. ఆ బొమ్మ ఇంకా మా హాల్లో ఉంది. మార్చినప్పుడల్లా దాన్ని తీద్దామంటే "ఇంకా కరెంటు రాలేదు" అంటుంది.

"ఇదేంటి?" అని నేను అడిగినట్టు మీరు అడగకండి. "దీని గురించి చెప్పు" అంటే చాలు, అర్ధగంట చెబుతారు.

ఏ గోడ?

మన ఊళ్లో కాగితానికి ఎండా చెమ్మా రెండూ శత్రువులే. మే నెలలో 45 డిగ్రీలు, ఆ వెంటనే వానలు. కాబట్టి గోడ ఎంచుకునేటప్పుడు అందం రెండో సంగతి.

పడమటి కిటికీ ఎండ సూటిగా పడే గోడ వద్దు. స్కెచ్ పెన్నుల రంగులు, ముఖ్యంగా మెరిసే గులాబీ, పసుపు, ఎండకి చాలా త్వరగా వెలిసిపోతాయి. పెద్దోడు గీసిన తామర పువ్వు ఒక్క వేసవికే తెల్లబడి, చుట్టూ పెన్సిల్ గీత మాత్రం మిగిలింది. క్రేయాన్లు, పోస్టర్ రంగులు కాస్త ఓర్చుకుంటాయి. పెన్సిల్ గీతకి దిగులే లేదు. గాజు ఫ్రేములో పెడితే వెలవదనుకునేరు, మామూలు గాజు దీన్ని ఆపలేదు.

బాత్‌రూమ్‌కి ఆనుకున్న గోడ వద్దు. చేత్తో తాకి చూడండి, చల్లగా ఉండి, కింద పెయింటు ఉబ్బినట్టుంటే అక్కడ చెమ్మ ఉన్నట్టే. కూలర్ ఎదురుగా వద్దు. వంటింట్లో తాలింపు పొగకి నూనె జిడ్డు పడుతుంది, అక్కడ ఫ్రిజ్ తలుపు ఒక్కటి చాలు. దేవుడి దీపం దగ్గర అసలే వద్దు, కారణం చెప్పక్కర్లేదు.

ఎత్తు సంగతి. మనం మన కళ్లకి సరిపడా పెడతాం, ఐదడుగులకి. యూకేజీ పిల్లకి అది మనం సీలింగు ఫ్యాను చూసినట్టు. చిన్న పిల్లలున్న ఇంట్లో బొమ్మ నడిమి భాగం నేల నుంచి మూడు, మూడున్నర అడుగుల ఎత్తులో ఉండేలా చూసుకోండి. వచ్చినవాళ్లు కొంచెం వంగి చూస్తారు, నష్టం లేదు. మా అత్తయ్యగారు కుర్చీ లాక్కుని కూర్చుని చూస్తారు, పిల్లలకి అదే పెద్ద సంబరం.

తాడు కట్టడం

కావాల్సినవి: సన్న నైలాన్ తాడు, బట్టల క్లిప్పులు ఒక డజను, కొబ్బరి చీపురు పుల్లలు. వన్‌టౌన్ హోల్‌సేల్ షాపులకి వెళ్లగలిగితే ఇవన్నీ చవక, లేకపోతే వీధి చివర ఫ్యాన్సీ షాపులోనూ దొరుకుతాయి. రంగురంగుల చిన్న చెక్క క్లిప్పులు ముద్దుగానే ఉంటాయి కానీ వాటి పట్టు తక్కువ, చార్టు ముక్క తగిలిస్తే తెల్లారేసరికి కింద ఉంటుంది.

పురికొస ఫొటోల్లో బాగుంటుంది. నేనూ మోజుపడి తెచ్చాను. నూగు రాలుతుంది, రోజులు గడిచేకొద్దీ సాగి మధ్యలో వేలాడుతుంది, కాగితాలన్నీ ఒకదాని మీదికి ఒకటి జారతాయి. నైలాన్ తాడే మేలు.

ఒక కొస కిటికీ ఊచకి గట్టిగా ముడి వేయండి. రెండో కొస ఎదురుగా ఏది ఉంటే దానికి: కర్టెన్ రాడ్డు క్లాంపు, తలుపు గెడ, ఇనుప బీరువా హ్యాండిలు. ఈ వైపు మాత్రం జారుముడి వేయండి, వదులైనప్పుడు లాగి బిగించుకోవచ్చు. తాడు మనుషులు నడిచే దారికి అడ్డం రాకూడదు. గోడకి ఆనుకునే ఉండాలి. పసిపిల్లలున్న ఇంట్లో వేలాడే కొసలు కత్తిరించేయండి, వాళ్లు పాకే చోట తాడే వద్దు.

ఆరడుగుల తాడుకి ఏ4 కాగితాలు నిలువుగా ఆరు పడతాయి, మధ్యలో నాలుగు వేళ్ల సందు ఉంచినా. ఏడోది పట్టదని కాదు, పెట్టకండి. గోడ నిండితే ఎవరూ ఏ బొమ్మనీ చూడరు. ఇద్దరు పిల్లలకి చెరి మూడూ ఆరు, అందుకే నెలకి మూడేసి అన్నాను. పూర్తి చార్టు అడ్డంగా పెడితే రెండడుగుల పైనే ఉంటుంది, దానికి తాడు సరిపోదు. తలుపు వెనక పెట్టుకోండి.

ఇప్పుడు చీపురు పుల్ల సంగతి. ఫ్యాను లేని హాలు మన దగ్గర ఉండదు. ఫ్యాను వేస్తే కాగితాలు రాత్రంతా టపటపా కొట్టుకుంటాయి, అంచులు చుట్టుకుపోతాయి. కొత్త కొబ్బరి చీపురులోంచి ఒక ఈనె తీసి, కాగితం వెడల్పుకి తుంచి, వెనక వైపు కింది అంచు వెంబడి చిన్న కాగితం ముక్కలతో మూడు చోట్ల అతికించండి. పాతకాలపు కాలెండర్లకి కింద రేకు పట్టీ ఉండేది చూడండి, అదే పని ఈ ఈనె చేస్తుంది. బరువుకి కాగితం తిన్నగా నిలుస్తుంది, ఫ్యానుకి కదులుతుంది కానీ కొట్టుకోదు. ఈ కిటుకు మా అమ్మ చెప్పింది. మైదాపిండి జిగురు మాత్రం వాడొద్దు, బొద్దింకలు వస్తాయి. పిల్లల గమ్ము చాలు.

క్లిప్పు పళ్లు కాగితం మీద అచ్చు పడకుండా మధ్యలో చిన్న కాగితం మడత పెట్టండి.

టేపు గురించి నా గోడు

మొదటి ఇంట్లో నేను రెండు వైపులా అంటుకునే టేపు వాడాను. నురగలా మందంగా ఉండేది. రెండేళ్లు హాయిగా ఉన్నాయి బొమ్మలు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు లాగితే ఒక్కో దానికి రూపాయి బిళ్ల మొదలు అరచేయంత దాకా పెయింటు, దాని కింద పుట్టీ, పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. పదకొండు మచ్చలు. ఓనరు ఒక్కోటీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టి, గోడ మొత్తానికి పెయింటు ఖర్చు అడ్వాన్సులో కోసుకున్నాడు. ఆ డబ్బుతో పిల్లల బొమ్మలన్నీ ఫ్రేములు కట్టించుకోవచ్చు.

ఇప్పటికే అలా అతికించేసి ఉంటే లాగేయకండి. హెయిర్ డ్రయ్యర్‌తో అర నిమిషం వేడి చేసి, మెత్తబడ్డాక గోడకి ఆనించినట్టే మెల్లగా పక్కకి లాగండి. నూనె రాస్తే వస్తుందని ఎవరైనా చెబితే వినొద్దు, టేపు పోయి నూనె మరక మిగులుతుంది.

అద్దాలకి, సన్‌మైకా తలుపులకి, ఇనుప బీరువాకి మామూలు టేపు పనికొస్తుంది. కాకపోతే సెల్లోటేపు రెండు మూడేళ్లకి పసుపుపచ్చగా మారి కాగితంలోకి ఇంకుతుంది. దాచుకునే బొమ్మ మీద వేయకండి. బీరువాకీ ఫ్రిజ్‌కీ అయస్కాంతాలే మంచివి. సున్నం వేసిన పాత ఇళ్లలో గోడకి ఏ టేపూ నిలవదు, ఆ ప్రయత్నమే వద్దు.

కింద చీటీ

ఇది తప్పనిసరి కాదు కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. బందరు రోడ్డులో బాపు మ్యూజియంకి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు, పెద్దోడు విగ్రహాల కంటే వాటి పక్కనున్న పలకలు ఎక్కువ చదివాడు. ఇంటికొచ్చి తన వాటికీ రాస్తానన్నాడు. బొమ్మ పేరు, దేనితో చేశారు, ఏ ఊరు, ఏ ఏడు. అంతకంటే ఎక్కువ రాయనివ్వకండి, చీటీ బొమ్మని మింగేస్తుంది. స్పెల్లింగ్ తప్పులు దిద్దకండి కూడా.

1921లో గాంధీగారు బెజవాడ వచ్చినప్పుడు పింగళి వెంకయ్యగారు ఆయనకి జెండా నమూనా ఇచ్చింది మన ఊళ్లోనే అని వాడికి అప్పుడే చెప్పాను. ఐస్‌క్రీమ్ పుల్లకి అంటించిన వాడి ఆగస్టు పదిహేను జెండా కింద ఇప్పుడు ఇలా ఉంది: "జెండా. క్రేయాన్లు, పుల్ల. బెజవాడ. ఇది రెండోది."

ఫ్రేము: ఏడాదికి ఒక్కటే

ఒక్కో పిల్లకి ఏడాదికి ఒక్క బొమ్మ చాలు. దేవుడి పటాలు కట్టే షాపులోనే కట్టిస్తారు. అక్కడ రెండు మాటలు గట్టిగా చెప్పండి. ఒకటి, చుట్టూ మౌంటు అట్ట పెట్టమనండి. అది షోకు కోసం కాదు. గాజు నేరుగా రంగుకి తగిలితే వానాకాలం చెమ్మకి పోస్టర్ రంగు గాజుకి అంటుకుపోతుంది, ఊడదీస్తే సగం బొమ్మ గాజుతో వస్తుంది. రెండు, ఫ్రేము కొలతకి బొమ్మ కత్తిరించొద్దని చెప్పండి. అంచుల్లో సంతకాలుంటాయి, సూర్యుళ్లుంటారు.

చిన్న పిల్లల గదిలో గాజు బదులు ఆక్రిలిక్ షీటు వేయించండి. మేకు కొట్టలేనివాళ్లు ఫ్రేముని పుస్తకాల షెల్ఫు మీద గోడకి ఆనించి పెట్టుకుంటే సరి. వెనక అట్ట సులువుగా ఊడే ఫ్రేమయితే కొత్త బొమ్మ పాతదాని మీదే పెట్టేయొచ్చు. మా ఇంట్లో ఒక్క ఫ్రేములోనే నాలుగేళ్ల బొమ్మలున్నాయి, పైకి కనిపించేది ఈ ఏటిది.

ఇక లామినేషన్. క్రేయానుతో వేసిన బొమ్మకి చేయించకండి. క్రేయాను అంటే మైనం. ఆ యంత్రం 100 డిగ్రీలు దాటిన వేడితో నొక్కుతుంది. జిరాక్సు షాపులో నేను డబ్బులు తీసే లోపే చిన్నదాని చేపల తొట్టి అవతలి వైపు నుంచి నీలం మరకగా బయటికొచ్చింది. చేపలు ఏమయ్యాయని అది అడిగిన ప్రశ్నకి షాపతనూ నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పెన్సిల్ బొమ్మలకీ ముద్ర వేసిన సర్టిఫికెట్లకీ పరవాలేదు కానీ, ఒకసారి చేయించాక వెనక్కి తీయడం ఉండదు, గుర్తు పెట్టుకోండి.

మట్టివి, పుల్లలవి, పప్పులవి

పప్పులూ బియ్యమూ అతికించి చేసినవాటికి వారం గడువు. ఆ తర్వాత చీమలు, పురుగు. ఫొటో తీసి, పిల్లలతోనే పిచ్చుకలకి వేయించండి. రంగు వేసిన గింజలైతే చెత్తబుట్టకే. ఆకులతో చేసేవైతే, ఆకుల్ని ముందు లావు పుస్తకంలో పెట్టి వారం నొక్కి ఉంచాక అతికిస్తే చాలాకాలం ఉంటాయి, పచ్చివి అతికిస్తే బూజు పడుతుంది.

మట్టి బొమ్మ ఎండలో పెట్టగానే పగులుతుంది. నీడలో, మొదటి రోజు తడి గుడ్డ కప్పి, మూడు నాలుగు రోజులు మెల్లగా ఆరనివ్వండి. లావుగా ఉన్న చోట లోపల తడి నిలిచిపోతుంది, అందుకని అడుగు భాగం చెంచాతో కొంచెం తొలిచేయండి. వినాయకుణ్ణి ఎలాగూ నిమజ్జనం చేయాలి, ఆ రోజు ఏడుపు తప్పదు. మేం బకెట్లో కలిపేశాం. ఎలుకని మాత్రం పెద్దోడు జేబులో దాచేశాడు. ఒక చెవి లేని ఆ ఎలుక ఇప్పుడు టీవీ పక్కన కాపురం ఉంటోంది.

ఇలాంటివాటికి మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న చోటు బొమ్మల కొలువు. సంక్రాంతికి పెట్టేవాళ్లయినా దసరాకి పెట్టేవాళ్లయినా, మెట్లు మూడో అయిదో తొమ్మిదో బేసి లెక్కలో ఉంటాయి కదా, అన్నిటికంటే కింది మెట్టు పిల్లలకి వదిలేయండి. పైన అమ్మమ్మ నాటి కొండపల్లి దశావతారాలు, కింద కాగితం కప్పుల ఆవులు, అగ్గిపెట్టెల రైలు. కొండపల్లి వాళ్లు తెల్ల పొణికి చెక్క ముక్కల్ని చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. అది చెప్పిన రోజు నుంచి మావాళ్లు తమ గమ్ము సీసాని కూడా మక్కే అంటున్నారు. పేరంటానికి వచ్చినవాళ్లు కింది మెట్టు చూసే వెళ్తారు. ఏడాదంతా షెల్ఫుల్లో దుమ్ము పట్టించే కంటే ఇది నయం.

దించినవి దాచడం

నెల కాగానే దించిన బొమ్మకి ఫొటో తీయండి. పొద్దున పూట కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట కాగితం నేల మీద పరిచి, ఫోను దానికి సమాంతరంగా పట్టుకుని, ఫ్లాష్ ఆపి. స్కాన్ యాప్‌లు కాగితాన్ని తెల్లగా చేయబోయి లేత రంగుల్ని చెరిపేస్తాయి, మామూలు కెమెరాయే మేలు. అప్పుడే ఆ బొమ్మ గురించి పిల్లలు చెప్పేది ఒక నిమిషం రికార్డు చేసి పెట్టుకోండి.

ఈ ఫొటోల పని చాదస్తం అనుకునేదాన్ని. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో మా చిన్నమ్మవాళ్ల కింది పోర్షన్ మునిగింది. ఇనుప ట్రంకు పెట్టె మంచం కింద ఉంది. ఫ్రిజ్, బీరువా, సోఫా గురించి చిన్నమ్మ ఒకటి రెండుసార్లు చెప్పి ఊరుకుంది. ఆ ట్రంకులో ముద్దయిపోయిన కొడుకు డ్రాయింగు పుస్తకాల గురించి ఇప్పటికీ చెబుతుంది. కాబట్టి దాచేవి అటక మీద, జిప్పు ఉన్న మందపాటి ప్లాస్టిక్ కవర్లో, పెద్ద ఫైల్లో పెట్టండి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా ఇందులో వేయండి, పిల్లల చేతికి మాత్రం అందనివ్వకండి. గోడకి ఆనించొద్దు, చెదలు అటే వస్తాయి.

ఎప్పుడైనా కాగితాలు తడిస్తే ఎండలో వేయకండి, బల్ల మీద పాత చీర పరిచి ఫ్యాను కింద ఆరబెట్టండి. రెండు అతుక్కుపోతే ఆరాక లాగొద్దు, తడిగా ఉన్నప్పుడే అంచు నుంచి మెల్లగా విడదీయండి. ఆరాక పుస్తకాల కింద రెండు రోజులు బరువు పెడితే వంకర పోతుంది.

మిగిలినవి

ఎంత దాచినా పదింట్లో ఎనిమిది మిగులుతాయి. పిల్లల ఎదురుగా చెత్తబుట్టలో వేయకండి. కొన్ని తాతయ్యకి పోస్టులో పంపండి, ఊళ్లో ఉన్నవాళ్లకి వాట్సాప్ ఫొటో కంటే కవరు చింపడం ఇష్టం. పుట్టినరోజు కానుకలకి చుట్టే కాగితం కొనక్కర్లేదు, చార్టులు ఉన్నాయి.

తక్కినవి జూన్ దాకా ఆగండి. ఏలూరు రోడ్డులో పుస్తకాలు కొనుక్కొచ్చాక అందరూ అట్టలు వేసే ఆ రెండు రోజుల్లో, బడి వాళ్లు ఖాకీ అట్టలే ఉండాలని పట్టుబట్టకపోతే, పాత బొమ్మలతో వేయండి. రంగు వేసిన వైపు బయటికి, పైన పారదర్శక కవరు. డ్రాయింగు కాగితం మందంగా ఉంటుంది కాబట్టి మూలలు త్వరగా నలగవు, కానీ మడత పెట్టే చోట ముందు స్కేలుతో గీత నొక్కాలి, లేకపోతే పగులుతుంది. పెద్దోడి లెక్కల పుస్తకానికి సింహం తల ముందు వైపు పడింది, తోక వెనక్కి పోయింది. వాడు పుస్తకాన్ని బోర్లా తెరిచి పెట్టుకుంటున్నాడు, మొత్తం సింహం కనిపించాలని.